బస్సు రాని వీధి

మా పాల ఫ్యాక్టరీలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ లేరు. కునుకమ్మ అంటేనే అందరికీ తెలుసు. నిలబడి కునుకు తీసేది, గోడకి ఒరిగి తీసేది, టీ గ్లాసు చేతిలో ఉండగానే ఒక్క చుక్క ఒలకకుండా తీసేది. బెల్టు మీద వరసగా వచ్చే ప్యాకెట్లలో కారేవాటిని ఏరి పక్కన పడెయ్యడం ఆమె పని. బెల్టు కదులుతున్నంతసేపూ రెప్ప వాల్చేది కాదు. ఆగిందంటే మాత్రం తల వాలిపోయేది. కొత్తగా చేరినవాళ్లు నవ్వుకునేవాళ్లు. మేం నవ్వేవాళ్లం కాదు. ఆమె ఉండే ఇల్లు మేం చూశాం.

ఆ ఇల్లు నాలుగు రోడ్ల కూడలిలో ఉండేది. కింద వెల్డింగు షాపు, పైన వీళ్ల అద్దె వాటా. రాత్రి డ్యూటీ చేసి ఆమె ఇల్లు చేరి చాప పరుచుకునే వేళకి ఊరు లేచి హారన్ల మీద చెయ్యి వేసేది. ఆ వెనకే షాపు షట్టరు పైకి లేచేది. చెవుల్లో దూది పెట్టుకుంది, తలకి దుప్పటి చుట్టుకుంది, కిటికీకి పరుపు అడ్డం నిలబెట్టింది. కింద ఇనుము కోస్తుంటే ఆ రంపం తన పళ్ల మధ్యే తిరుగుతున్నట్టు ఉంటుందని చెప్పేది. అత్తగారికి వినికిడి తక్కువ. ఆవిడ పక్క గదిలో హాయిగా గురక పెట్టి, సాయంత్రం లేచి, "నిద్ర పట్టకపోవడం వయసు వల్లేనమ్మా, అందరికీ ఉండేదే," అని కోడలికి ధైర్యం చెప్పేది. కోడలికి అప్పటికి నలభై నిండలేదు.

భర్త మందుల షాపులో పనిచేసేవాడు. నెమ్మదైన మనిషి. ఒక రోజు భోజనాల దగ్గర ఆమె కంచం ముందు పెట్టుకుని, ముద్ద నోటి దాకా తీసుకెళ్లి, అక్కడే ఆగిపోయింది. కూతురు భుజం పట్టి కుదిపితే ఉలిక్కిపడి లేచింది. చేతిలో ముద్ద కింద పడింది.

"ఏమండీ, మనం ఇల్లు కొందాం," అంది అప్పుడే. "చిన్నదైనా సరే, పాతదైనా సరే. పగలు నిద్ర పట్టాలి. అంతే."

"పగలు నిద్ర పట్టే ఇల్లు కావాలని బ్రోకరుకి ఎలా చెప్తామే?"

"ఆ మాటే చెప్పండి."

చెప్పాడు. బ్రోకరు బుర్ర గోక్కుని, నీళ్ల సదుపాయం, గాలీ వెలుతురూ, బస్టాపు దగ్గర అంటూ తన పాట తను పాడాడు. ఈమె ఒకటే పట్టు పట్టింది. "నేను ఆ ఇంట్లో ఒక మధ్యాహ్నం పడుకుని చూస్తాను. నిద్ర పడితే మాట్లాడదాం."

అలా మొదలైంది. సెలవు రోజు వచ్చిందంటే సంచిలో దుప్పటీ దిండూ పెట్టుకుని బయలుదేరేది. మొదటి ఇంట్లో పై వాటా వాళ్లు కుర్చీలు ఈ గోడ నుంచి ఆ గోడకి, ఆ గోడ నుంచి ఈ గోడకి ఈడుస్తూనే ఉన్నారు. రెండో ఇంటి వెనక బడి ఉంది. పిల్లలు ఎక్కాలు చదువుతుంటే ఈమె కూడా పడుకున్నచోటే ఆ పిల్లలతో కలిసి పదిహేనో ఎక్కం దాకా చెప్పేసింది. ఇంకో ఇంట్లో చప్పుడే లేదు కానీ, ఆ ఇంటివాళ్లు కుటుంబమంతా గుమ్మంలో వరసగా కూర్చుని, పట్టిందా లేదా అని ఈమె మొహంలోకే చూశారు. పెద్దాయన చుట్టుపక్కల అందరినీ "ష్ ష్" అంటూ అదిలించాడు. ఆ ష్ ష్‌లకే ఈమె లేచి కూర్చుంది.

"ఇల్లు చూడ్డానికి వచ్చారా, ఒరగడానికి వచ్చారా తల్లీ?" అన్నాడు బ్రోకరు దండం పెట్టి. "నా పరువు పోతోంది. దిండు పట్టుకొచ్చే ఆవిడ బ్రోకరంటున్నారు నన్ను."

మాకు ఈ కబుర్లన్నీ తెల్లవారి ఫ్యాక్టరీ బస్సులో చెప్పేది. మేం పడీ పడీ నవ్వేవాళ్లం. నవ్వి చూస్తే, చెబుతూ చెబుతూనే ఆమె తల కిటికీకి కొట్టుకుంటూ ఉండేది.

చివరికి దొరికింది. పెద్ద రోడ్డు నుంచి పక్కకి తిరిగే వీధి. మొదట్లోనే రెండు డ్రమ్ములు, వాటి మీద అడ్డంగా ఓ కర్ర, దారి లేదని వెలిసిపోయిన బోర్డు. బ్రోకరు కర్ర కింద నుంచి వంగి దూరి, పెళ్లిపందిట్లోకి ఆహ్వానించినట్టు చెయ్యి చాపాడు. "చూసుకోండి. మనిషన్నవాడు నడిచి రావాల్సిందే. బండి రాదు, బస్సు రాదు."

నిజమే. వెడల్పాటి రోడ్డు, ఒకప్పుడు బస్సులు తిరిగిందే. ఇప్పుడు ఈ స్తంభం నుంచి ఆ స్తంభానికి తాడు కట్టి బట్టలు ఆరేశారు. నడిరోడ్డు మీద ఒక పిల్లి వెల్లకిలా పడుకుని ఉంది. ఇంటి ముందు కుర్చీలు వేసుకుని కబుర్లు చెప్పుకునేవాళ్లు ఎదురింటివాళ్లతో గొంతు పెంచకుండానే మాట్లాడుతున్నారు. కునుకమ్మ ఆ పిల్లిని చూసి అక్కడే ఆగిపోయిందట.

ఇల్లు ఒక రిటైరైన బస్సు కండక్టరుది. భార్య పోయాక చెల్లెలి దగ్గరికి వెళ్లిపోదామని అమ్మకానికి పెట్టాడు. ముందు ఒక గది, వెనక ఒక గది, మధ్యలో వంటగది, చిన్న పెరడు. గోడలకి కొత్తగా సున్నం వేసి ఉంది. కండక్టరు విషయం విని నవ్వలేదు. "పడుకో అమ్మా. నేను ఎదురింటి టైలరు దగ్గర కూర్చుంటాను. లేచాకే రా," అని తాళంచెవి చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

ముందు గదిలో నేల మీద దుప్పటి పరుచుకుని పడుకుంది. చెవి నేలకి ఆనింది. ఎక్కడో, చాలా లోతుగా, సన్నగా నీళ్లు పారుతున్న చప్పుడు. కాలవ గట్టున పడుకున్నట్టుంది. ఆ చప్పుడు వింటూ వింటూ ఎప్పుడు నిద్రలోకి జారిందో తెలియదు. సాయంత్రం భర్త డ్యూటీ దిగి వచ్చి తలుపు బాదితే కానీ లేవలేదు. లేచి, దుప్పటి కప్పుకునే ఏడ్చింది. భర్త హడలిపోయాడు.

"ఏమైందే?"

"నిద్ర పట్టిందండీ," అంది.

రెండోసారి భర్తతో పాటు అత్తగారిని, కూతుర్ని కూడా తీసుకెళ్లింది, మాట ఖాయం చేసుకుందామని. పెద్దావిడ ఇల్లంతా కలియతిరిగి వచ్చి ముందు గదిలో కుర్చీలో కూర్చుంది. కూర్చున్న కాసేపటికే చేతికర్ర జారి పడింది. కూతురు తీసి ఇచ్చింది. మళ్లీ జారింది.

"ఏమే, ఈ గది నన్ను వీధిలోకి తోసేస్తోందేమిటే?" అంది పెద్దావిడ గట్టిగా. వినపడని మనిషి కదా, ఆవిడ గుసగుస కూడా నాలుగిళ్లకి వినిపిస్తుంది.

అందరూ నేల చూశారు. చూస్తే కానీ తెలియని వాలు. వీధి వైపు దిగుతోంది. భర్త మూలనున్న బీరువా పక్కకి తొంగి చూశాడు. దాని వెనక కొత్త సున్నం కింద నుంచి ఒక బీట, వేలు దూరేంత, నేల నుంచి కిటికీ దాకా పాకింది.

అప్పుడు కునుకమ్మ అడిగింది. "కండక్టరు గారూ, ఇక్కడ కాలవ ఎక్కడుంది?"

"కాలవేమిటమ్మా?"

"నేల కింద నీళ్ల చప్పుడు వినిపించింది మొన్న."

ఆయన తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "మీరు అడగలేదు కదా అని నేను చెప్పలేదు. అడిగారు కాబట్టి అబద్ధం చెప్పను," అన్నాడు.

రోడ్డు కింద పాత మురుగు తూము ఉంది. బస్సుల బరువుకి ఎప్పుడో పగిలింది. రోడ్డు ఒకచోట కుంగితే మున్సిపాలిటీ వాళ్లు వచ్చి డ్రమ్ములు పెట్టి, మళ్లీ వస్తామని చెప్పి వెళ్లారు. రాలేదు. అప్పట్నుంచి ఆ నీళ్లు లోపల్లోపల దారి చేసుకుని మట్టిని తోడేస్తున్నాయి.

"మరి మీరెవరూ వెళ్లి అడగలేదా?" అన్నాడు భర్త.

కండక్టరు ఆయన్ని విచిత్రంగా చూశాడు. "అడిగితే బాగు చేస్తారు కదండీ. బాగు చేస్తే బస్సులు వస్తాయి."

భర్త తన షాపుకి మందులకొచ్చే ఒక ఇంజనీరుని బతిమాలి తీసుకొచ్చాడు. ఆయన ఇనప కడ్డీతో ముందు గది నేలంతా తట్టుకుంటూ వెళ్లాడు. గోడ దగ్గర గట్టిగా పలికిన నేల వీధి వైపు వచ్చేసరికి ఖాళీ డబ్బాలా మోగింది. ఆ శబ్దం తేడా అత్తగారికి తప్ప అందరికీ తెలిసింది.

"కింద మట్టి లేదు," అన్నాడు ఇంజనీరు. "ఇల్లు మొత్తం పోయేది కాదు. వెనక భాగం రాతినేల మీద ఉంది, అది గట్టిదే. ముందు గది కింద కాంక్రీటు నింపి పునాదికి ఊతం ఇస్తే నిలబడుతుంది. కానీ తూము బాగుచెయ్యకుండా ఏం నింపినా మళ్లీ కొట్టుకుపోతుంది. ఇంకో మాట. ఈ ఇల్లొక్కటే కాదు. ఈ వరసంతా ఇంతే అయ్యుండాలి. ఆ మూలింటి పరిస్థితి ఇంకా అన్యాయం. బయట నుంచే కనిపిస్తోంది."

మూలింట్లో ఒక ముసలావిడ ఒక్కతే ఉంటుంది. మోకాళ్ల నొప్పుల వల్ల లోపలికీ బయటికీ తిరగలేక మంచం వీధి గదిలోనే వేసుకుంది.

ఇల్లు వద్దనుకుని ఇంటికొచ్చేశారు. కథ అక్కడితో అయిపోయేదే. కానీ మర్నాడు సాయంత్రం ఎదురింటి టైలరు ఈమెను వెతుక్కుంటూ వెల్డింగు షాపు మెట్లెక్కి వచ్చాడు. బ్రోకరుని అడిగి తెలుసుకున్నాడట. మెడలో కొలతల టేపు అలాగే ఉంది.

"చెల్లెమ్మా, నువ్వు కొనకపోతే పోయావు, అది నీ ఇష్టం. మున్సిపాలిటీ గడప మాత్రం తొక్కకు. ఇంజనీరుని తెచ్చావని తెలిసినప్పట్నుంచీ మా వీధిలో ఎవరికీ ముద్ద దిగట్లేదు."

"అన్నయ్యా, మీ ఇంట్లో బీటలు లేవా?"

"ఎందుకు లేవు? మా వీధి తలుపు వేసుకుని ఎన్నేళ్లయిందో. చట్రంలో పట్టదు. క్యాలెండరు ఎక్కడుంటే అక్కడ బీట ఉన్నట్టే మా వీధిలో." నవ్వబోయి ఆగాడు. "నీకు తెలియదమ్మా. బస్సులు తిరిగే రోజుల్లో మా చిన్నదానికి ఉలికిపాటు జబ్బు ఉండేది. ఆ డ్రమ్ములు పెట్టాకే పిల్ల కుదుటపడింది."

సరిగ్గా అప్పుడే కింద రంపం మొదలైంది. ఇద్దరూ మాట ఆపి, అది ఆగేదాకా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు. ఆగాక టైలరు లేచాడు. "చూశావా," అన్నాడు. "నీకు నేను చెప్పాలా?"

ఆ తర్వాత రోజుల్లో ఆమెను చూస్తే మాకు భయం వేసింది. కునుకమ్మకి కునుకు కూడా పోయింది. బెల్టు ఆగితే ఆగిన బెల్టునే చూస్తూ నిలబడేది. ఒకసారి కారే ప్యాకెట్లు ఆమె కళ్ల ముందు నుంచే దాటిపోయి డబ్బాల్లోకి వెళ్లాయి. సూపర్‌వైజరు ఒంటికాలి మీద లేచాడు. ఆమెకు కోపమూ రాలేదు, సిగ్గూ పడలేదు.

"ఏంటి వదినా ఇది? కొనని ఇంటి గురించి ఇంత బెంగా?" అని నేనే అడిగాను.

"నేను ఆ నేల మీద పడుకున్నాను," అంది. "నా ఒంటి కింద గాలి. అది తెలియక జన్మలో పడుకోనంత హాయిగా పడుకున్నాను. ఆ ముసలావిడ ఇవాళ కూడా అక్కడే పడుకుంటుంది కదా."

"ఆవిడకి చెప్పొచ్చు కదా?"

"చెప్పాను. మొన్న వెళ్లి చెప్పాను. 'నాకు తెలుసులేమ్మా, నేను పోయేదాకా అది ఆగుతుందిలే' అంది. బిస్కెట్లు పెట్టింది." మళ్లీ తనే అంది. "వాళ్లందరికీ నిద్ర కావాలి. నాకు తెలీదా నిద్ర అంటే ఏంటో? నాకన్నా ఎవరికి తెలుసు?"

ఇంట్లో భర్త వద్దన్నాడు. ఊరివాళ్లందరితో వైరం మనకెందుకన్నాడు. అత్తగారు మాత్రం అంతా రెండుసార్లు అరిచి చెప్పించుకుని, "ఆ ముసల్ది నా ఈడుదా?" అని అడిగింది. అవునన్నారు. "అయితే వెళ్లిరా," అంది.

వెళ్లింది. డ్యూటీ దిగి, నిద్రపోకుండా, ఆ కళ్లతోనే మున్సిపాలిటీ ఆఫీసు బెంచీ మీద కూర్చుంది. ఆ గదికి వెళ్లమంటే ఆ గదికి, పై అంతస్తుకి వెళ్లమంటే పై అంతస్తుకి తిరిగింది. చివరికి ఒక అధికారి దొరికాడు.

"మీ ఇల్లు ఆ వీధిలోనేనా?"

"కాదండీ."

"మీ చుట్టాలా?"

"కాదండీ."

"మరి మీకేంటమ్మా సంబంధం?"

ఈ ప్రశ్నకి జవాబు ఆమె ఆలోచించుకుని వెళ్లలేదు. "ఒకరోజు అక్కడ పడుకున్నానండీ," అనేసింది. ఆఫీసులో అందరూ తలలెత్తి చూశారు. చెవులు ఎర్రబడేలా సిగ్గుపడింది కానీ కుర్చీలోంచి లేవలేదు. కింద మట్టి లేదని, ఇంజనీరు చెప్పిందంతా చెప్పి, మనిషిని పంపుతామని వాళ్ల నోట అనిపించుకునే బయటికి వచ్చింది. పంపేదాకా ప్రతి వారం సెలవు రోజున వెళ్లి కూర్చుంది. ఆమెను చూడలేకే పంపారని నా అనుమానం.

తవ్వారు. మూలింటి ముందు మొదటి గంటలోనే రోడ్డు పొర కింద ఇద్దరు మనుషులు నిలబడేంత గుంత బయటపడింది. అది ముసలావిడ గది కిందకి పాకింది. పైన నేల, దాని మీద మంచం, మంచం మీద ఆవిడ. పనివాళ్లే కెవ్వున కేకేసి, ఆవిడని మంచంతో సహా మోసి బయటికి తెచ్చారు. అయినా ఎవరూ కునుకమ్మకి మంచిపని చేశావని చెప్పలేదు. పనులు ఎలా జరుగుతున్నాయో చూద్దామని ఆమె వెళ్తే, కుర్చీల్లో వాళ్లు లేచి లోపలికి వెళ్లిపోయారు. టైలరు కుట్టుమిషను మీంచి తల ఎత్తలేదు.

తూము మార్చారు. ఇళ్ల కింద కాంక్రీటు నింపారు. రోడ్డు కొత్తగా వేశారు. డ్రమ్ములు ఎత్తి లారీలో పడేసుకుని వెళ్లారు. బస్సులొచ్చాయి.

వచ్చిన కొన్నాళ్లకి కండక్టరు దగ్గర్నుంచి కబురు. "అమ్మా, ఇప్పుడు ఈ ఇంట్లో దాచడానికి ఏమీ లేదు. కొంటావా? లేకపోతే ఇంకొకరికి ఇస్తాను. ముందు నిన్నే అడగాలనిపించింది."

మేమైతే కొనదనుకున్నాం. బస్సు తిరిగే వీధిలో ఇంకో కూడలి కొనుక్కోవడం ఎందుకు? ఆమె మళ్లీ దుప్పటీ దిండూ పట్టుకుని వెళ్లింది. ముందు గదిలో పడుకుంది, బస్సు పోతే కిటికీ అద్దాలు గలగలలాడాయి, లేచింది. వెనక గదికి వెళ్లింది. అక్కడ బస్సు హోరు దూరంగా, పక్కింట్లో ఎవరో కడుపునొప్పితో మూలుగుతున్నట్టు వినిపించింది. నిద్ర పట్టలేదు. పట్టకపోయినా లేవబుద్ధి కాలేదు.

"ఏమంటావు?" అన్నాడు భర్త.

"రంపం లేదు కదండీ," అంది. "నేల గట్టిగా ఉంది. నాకు ఈ వెనక గది ఇవ్వండి. మధ్య తలుపుకి దట్టమైన చెక్క వేయిద్దాం. ఎంత పడితే అంత."

కొన్నారు. వంటగదికీ వెనక గదికీ మధ్య తలుపు మార్చారు. కిటికీకి రెండు పొరల అద్దం వేయించారు. ముందు గది అత్తగారిది. ఆవిడకి బస్సులు కనిపిస్తాయి, వినిపించవు. కిటికీ దగ్గర కూర్చుని ఎక్కేవాళ్లనీ దిగేవాళ్లనీ చూస్తూ, వాళ్ల చీరల మీదా నడకల మీదా గట్టిగా వ్యాఖ్యానిస్తూ ఉంటుంది. దిగినవాళ్లు తిరిగి చూస్తారు.

కునుకమ్మకి నిద్ర కుదిరిందా అంటే, పూర్తిగా కుదరలేదు. కొన్ని రోజులు పడుతుంది, కొన్ని రోజులు మొదటి బస్సుకే చెదిరిపోతుంది. మెలకువగా పడుకుని, ఒక బస్సు పోయాక ఇంకో బస్సు కోసం ఎదురుచూస్తూ ఉంటానని చెప్తుంది. అయినా బెల్టు ఆగినప్పుడు ఇదివరకంత తొందరగా తల వాల్చెయ్యడం లేదు. మేం పేరు మాత్రం మార్చలేదు.

టైలరు చాలాకాలం మాట్లాడలేదు. ఈమె కూడా పలకరించబోలేదు. ఒక మధ్యాహ్నం ఎంతకీ కన్ను మూతపడక, లేచి వచ్చి గుమ్మం మెట్టు మీద కూర్చుంది. ఎదుటి గుమ్మంలో టైలరు కూడా మిషను ఆపి, బయటే కూర్చుని ఉన్నాడు. చాలాసేపు ఇద్దరూ రోడ్డు చూశారు. తర్వాత టైలరు ఈమె వైపు తిరిగి ఏదో అన్నాడు. సరిగ్గా అప్పుడే బస్సు వచ్చింది.

"ఏంటన్నయ్యా?" అని అరిచింది ఈమె.

బస్సు దాటేదాకా ఆయన ఆగాడు.

"పిల్ల నిద్రపోతోంది," అన్నాడు. "బస్సులు వచ్చినా నిద్రపోతోంది. పెద్దదయింది కదా. నేనే పడుకోలేకపోతున్నా."

"నేనూ అంతే," అంది కునుకమ్మ.

టైలరు తల ఊపి లోపలికి వెళ్లాడు. వెళ్తూ వీధి తలుపు లాగాడు. అది గట్టిగా, సరిగ్గా పట్టింది. తలుపు పట్టడం ఆయనకి ఇంకా అలవాటు కాలేదేమో, మళ్లీ తెరిచి, మళ్లీ వేశాడు. ఈమె ఆ మెట్టు మీదే ఇంకో బస్సు పోయేదాకా కూర్చుని, లేచి, వెనక గదిలోకి వెళ్లి పడుకుంది.